వోలాసికి యుద్ధం మంజూరైంది

వోలాసి ద్వీపంలో కూడా రెండో ప్రపంచ యుద్ధం జరిగిందని పర్యాటక, సాంస్కృతిక, సముద్ర వ్యవహారాల మంత్రి ఆనరబుల్ జెబెడీ టుపారా గారు రాజధాని హోనియారా రేడియోలో ప్రకటించారు. ఆ సంగతి వోలాసిలో అంతవరకూ ఎవరికీ తెలియదు.

నెస్టా అప్పుడు ఆరోగ్య కేంద్రం వరండాలో కూర్చుని కర్రపెండలం తురుముతోంది. పక్కనే అత్తగారు సెరా వక్క నములుతోంది. ఆవిడకి తొంభై దాటాయి. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

"ఎప్పుడు జరిగిందే ఇక్కడ యుద్ధం?"

"నన్నడుగుతావేం అత్తా. అప్పుడున్నదానివి నువ్వు."

"ఉన్నాను. నాకు చెప్పకుండా జరిపారేమో."

మంత్రిగారి కష్టం మంత్రిగారిది. జలసంధికి అవతల ఉన్న కెరోపా ద్వీపంలో యుద్ధం నిజంగానే జరిగింది. అక్కడ పాత విమానాశ్రయం ఉంది, మునిగిన ఓడలున్నాయి, పెరటికొకటి చొప్పున తుపాకీ గొట్టాలున్నాయి. వాటిని చూడ్డానికి విదేశీయులొస్తారు. వాళ్ళ కోసం చల్లటి బీరు, పెద్దాసుపత్రి వచ్చాయి. కెరోపా వేరే మంత్రి నియోజకవర్గం. వోలాసి మన మంత్రిగారిది. ఇక్కడ ఒక్క బాంబు కూడా పడకపోవడం ప్రాంతీయ వివక్ష అని ఆయన పార్లమెంటులో గట్టిగా మాట్లాడారు.

నెస్టా వోలాసి తల్లుల సంఘానికి అధ్యక్షురాలు, మంత్రిగారికి వరసకి అక్క. వోలాసిలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఒక వంశపు మగవాడికి ఆ వంశపు ఆడవాళ్ళందరూ అక్కచెల్లెళ్ళే, వాళ్ళ కూతుళ్ళు మేనకోడళ్ళే. ఆ లెక్కన ద్వీపంలో సగం మంది ఆడవాళ్ళు ఆయనకి తోబుట్టువులు. మంత్రివర్గంలో ఇంత పెద్ద కుటుంబం ఉన్నవారు మరొకరు లేరు.

ఆ వరండాలోనే, నెస్టా పాత చీటీగుడ్డ కప్పి ఉంచిన చెక్కపెట్టె ఒకటుంది. అందులో ఉన్నది నలభై హార్స్‌పవర్ పడవ ఇంజను. తల్లుల సంఘం మూడేళ్ళు అడగ్గా అడగ్గా వచ్చింది. మంత్రిగారు స్వయంగా ప్రారంభించేదాకా పెట్టె విప్పకూడదని ఆర్డరు. అందుకని ఇంజను పెట్టెలోనే ఉంది, ఆరోగ్య కేంద్రం పడవ ఇసకలో ఉంది.

నెస్టా కూతురు జూలిన్‌కి ఎనిమిదో నెల. మొదటి కానుపులో బిడ్డ అడ్డం తిరిగితే తెడ్లేసుకుంటూ జలసంధి దాటించారు. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కడమే గొప్పని అక్కడి డాక్టరు అంది. ఈసారి నొప్పులు మొదలవగానే కెరోపా తీసుకురావాలని మరీ మరీ చెప్పింది. నెస్టా రోజూ ఆ పెట్టె మీద గుడ్డ సర్దుతుంది, చంటిపిల్లకి సర్దినట్టు.

ఇంజను ఎందుకో మంత్రిగారికి మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు. అక్కచెల్లెళ్ళ, మేనకోడళ్ళ పురుళ్ళ ప్రస్తావన వోలాసి మగవాడి చెవిన పడకూడదు, ఎవరి నోటి నుంచైనా సరే. పడితే అతను ఉన్నపళంగా ఆ చోటు విడిచి పోవాలి, పొద్దుగూకేదాకా ఆడవాళ్ళ కంటపడకూడదు. ఆ మాట అన్న ఆడది అతని పరువుకి బదులుగా ఒక పందిని ఇచ్చుకోవాలి. తల్లుల సంఘం అందుకే ప్రతి అర్జీలోనూ 'ఆరోగ్య అవసరాల నిమిత్తం' అని రాసింది.

మరుసటి వారం మంత్రిగారు యుద్ధాన్ని వెతుక్కుంటూ వచ్చారు. రెండు అరవై హార్స్‌పవర్ ఇంజన్లున్న తెల్లటి ప్రభుత్వ బోటులో, సెక్రటరీతో సహా.

"ఇనుము ఏమన్నా ఉందా అక్కా? బాంబు తునక, హెల్మెట్టు, ఏదైనా?"

"నా దగ్గర పెనం ఉంది తమ్ముడూ. అది కెరోపాలో కొన్నదే."

మంత్రిగారు పెద్దవాళ్ళ జ్ఞాపకాలు సేకరించాలని సెరా ఎదురుగా కూర్చున్నారు. సెక్రటరీ ఫోన్ పట్టుకుని రికార్డు నొక్కాడు.

"అవ్వా, యుద్ధంలో ఇక్కడేం జరిగింది?"

"ఇక్కడేం జరగలేదు నాయనా. అందుకే అందరూ ఇక్కడికొచ్చారు."

"ఎవరొచ్చారు? సైనికులా?"

"కెరోపా జనం. ఊరికి ఊరు. పిల్లల్నీ పందుల్నీ వేసుకుని పడవల్లో వచ్చారు. మా అమ్మా వాళ్ళూ రెండేళ్ళు వాళ్ళకి దుంపలు ఉడకేసి పెట్టారు. పొగ కనబడితే విమానాలొస్తాయని గుహలో వండేవాళ్ళు. మా అమ్మకి ఆ పొగకే కళ్ళు పోయాయి."

మంత్రిగారు సానుభూతితో తలూపారు. "గొప్ప విషయమే. కానీ దుంపలు ఉడకెయ్యడాన్ని యుద్ధం కింద చూపించలేం అవ్వా. ఫోటోలో పడదు."

లేచి వెళ్తుంటే ఆయన చూపు పెట్టె మీద పడింది.

"ఇదేంటక్కా?"

"నువ్వు పంపిన ఇంజనే. నువ్వొచ్చి విప్పుతావని చూస్తున్నాం."

"ఇంతకీ దేనికడిగారు?"

"ఆరోగ్య అవసరాలకి."

"నువ్వు ఆరోగ్యంగానే కనిపిస్తున్నావే," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. చుట్టూ చూశారు. "అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు."

పదిరోజులకి కలప కంపెనీ బల్లకట్టు మీద వోలాసికి యుద్ధం వచ్చింది. తుప్పుపట్టిన ట్యాంకు ఒకటి. దానికి ఫిరంగి లేదు, ఒకవైపు గొలుసు లేదు, వెనక ఇంజను ఉండాల్సిన చోట మనిషి దూరేంత బొక్క ఉంది. పైన కాళ్ళు వేలాడేసుకుని కెరోపా పెద్ద మానేవా కూర్చున్నాడు.

"మా గుమ్మడిపాదు దీనిమీదే పాకేది," అన్నాడు దిగుతూ. "కాయలు ఇంతింత. టుపారా మొహం చూసి ఇస్తున్నా. అరవై హార్స్‌పవర్ అడిగాను, నలభైతో సరిపెట్టుకోమన్నాడు. సరే, ఇరుగుపొరుగు వాళ్ళం."

అప్పటికే ఇద్దరు మనుషులు వరండాలోంచి పెట్టె మోసుకొస్తున్నారు. నెస్టా అడ్డం నిలబడింది.

"తమ్ముడూ, అది ఆసుపత్రి ఇంజను."

"అక్కా, నువ్వు చిన్నగా ఆలోచిస్తున్నావు. ట్యాంకు ఉంటే టూరిస్టులొస్తారు. టూరిస్టులు దేంట్లో వస్తారు? బోట్లలో. బోట్లకి ఏముంటాయి?"

"ఇంజన్లు."

"చూశావా. ఒక్క ఇంజను ఇచ్చి వంద ఇంజన్లు తెస్తున్నా. దీన్నే విజన్ అంటారు."

"ఎప్పటికొస్తారు?"

"అయిదేళ్ళ ప్రణాళికలో పెట్టాం."

"జూలిన్ అంత..." అని నాలుక కరుచుకుంది నెస్టా.

"జూలిన్‌కేమైంది?"

"ఏం లేదు. అడిగానని చెప్పమంది."

"మంచి పిల్ల," అన్నారు మేనమామగారు.

పెట్టె బల్లకట్టెక్కింది. పైన కప్పిన గుడ్డ మాత్రం మానేవా మర్యాదగా మడిచి నెస్టా చేతికిచ్చాడు.

యుద్ధ వారసత్వ ప్రదర్శనశాల ప్రారంభోత్సవానికి ఇద్దరు విదేశీ అతిథులొచ్చారు. అమెరికా నుంచి హోల్‌కాంబ్ అనే పెద్దావిడ, జపాన్ నుంచి ఒనోదెరా అనే పెద్దాయన. ఆమె తండ్రీ ఆయన పెదనాన్నా కెరోపాలో ఒకరికొకరు ఎదురుగా పోరాడినవాళ్ళు. మంత్రిగారు ఇద్దరినీ తన బోటులోనే తీసుకొచ్చారు. ఆహ్వానం అందినా మానేవా రాలేదు. కొత్త ఇంజను బిగించుకుని నాలుగు రోజులుగా చేపల వేటలోనే ఉన్నాడట.

ప్రదర్శనశాల అంటే కొబ్బరాకుల పందిరి, దాని కింద ట్యాంకు. ట్యాంకుకి ఆకుపచ్చ రంగు వేశారు, ఇంకా ఆరలేదు. మెళ్ళో పూలదండ. పందిట్లో చేపలు, పెండలం రొట్టె, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర. మైకుకి జనరేటరు.

ఒనోదెరా గారు సెరా ముందు వంగి నమస్కరించి ఇంగ్లీషులో ఏదో అడిగారు. మంత్రిగారు మధ్యలో నిలబడి అటూ ఇటూ అనువాదం చేశారు.

"అవ్వా, ఇక్కడేం జరిగిందో చెప్పమంటున్నారు."

"ఇదివరకే చెప్పానుగా. ఏమీ జరగలేదని."

మంత్రిగారు అతిథుల వైపు తిరిగి, ఆ భీకర పోరాటాన్ని తల్చుకుంటే ఈవిడకి మాటలు రావడం లేదన్నారు. హోల్‌కాంబ్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఒనోదెరా గారు గొంతు సవరించుకుని, మా వాళ్ళ వల్ల ఈవిడకేమైనా కష్టం కలిగిందా, క్షమాపణ చెప్పుకోవచ్చా అని అడిగారు.

"ఏమంటున్నాడు?" అంది సెరా.

"వంట బాగుందంటున్నారు."

"అయితే ఇంకొంచెం వెయ్యమను. పాపం చిక్కిపోయి ఉన్నాడు."

అప్పుడే ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి నెస్టా చెవిలో ఒక మాట చెప్పింది. నెస్టా పరిగెత్తలేదు. నడిచి రేవులోకి వెళ్ళింది. తెల్లబోటులో సరంగు మాఫట్ టోపీ మొహమ్మీద పెట్టుకుని పడుకున్నాడు.

"లే బాబూ, కెరోపా వెళ్ళాలి. ఇప్పుడే."

"మంత్రిగారు చెప్పాలమ్మా. ఆయన నోటంట వస్తేనే తాళం తిప్పుతా."

నెస్టా పందిట్లోకి తిరిగొచ్చింది. మంత్రిగారు మైకు ముందు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, బోటు కావాలి."

"ఎందుకక్కా?"

"పనుంది."

"ఏం పని?"

నెస్టా ఆయన మోచెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డుపెట్టి చిరునవ్వుతో, "కార్యక్రమం అవనీ. నాలుగింటికి చూద్దాం. అతిథులున్నారు, బోటు లేకపోతే బాగుండదు," అన్నారు. మళ్ళీ జనం వైపు తిరిగారు. "ఈ నేల మీద రక్తం చిందింది..."

నెస్టా కూతురి మొదటి కానుపు రోజు గుర్తుచేసుకుంది. తన దొడ్లో ఉన్న పందుల్లో దేన్నివ్వాలో అక్కడే నిలబడి ఆలోచించుకుంది. చెవి తెగిన నల్లది. తర్వాత మైకు తనవైపు తిప్పుకుంది.

"నా కూతురికి నొప్పులొస్తున్నాయి," అంది. మాట ఊరంతా వినబడింది. "నీ మేనకోడలికి. బిడ్డ మళ్ళీ అడ్డం తిరిగింది."

పందిట్లో ఆడవాళ్ళందరూ ఒక్కసారే తల దించుకున్నారు. వెనక నిలబడ్డ ఆ వంశపు మగవాళ్ళు తోటల్లోకి జారుకున్నారు, మిగతా మగవాళ్ళు కొబ్బరిచెట్ల చివళ్ళు చూడసాగారు. మంత్రిగారి మొహం ముందు ఎర్రబడి తర్వాత పాలిపోయింది. ఆయన ఎన్ని పదవులు చేసినా పుట్టింది వోలాసిలో. ఉపన్యాసం కాగితాలు అక్కడే వదిలేసి ఉన్నపళంగా కదిలారు. ఎడమపక్కన అక్కలు. కుడిపక్కన చెల్లెళ్ళు. రేవు దారిలో జూలిన్‌ని నడిపించుకొస్తున్న నర్సు, ఆమె వెనకాల మరో అరడజను మంది తోబుట్టువులు. ఆడవాళ్ళ కళ్ళు పడని చోటు కనుచూపుమేరలో ఒక్కటే కనబడింది. ఆయన ట్యాంకు వెనక్కి వెళ్ళి ఆ బొక్కలోంచి లోపలికి దూరారు. ఆరని రంగు ఆయన తెల్లచొక్కాకి అంటుకుంది.

"ఇప్పుడు తిప్పు తాళం," అంది నెస్టా రేవులోకి వెళ్ళి సరంగుతో.

"ఆర్డరు..."

"ఇచ్చేవాడు లోపలున్నాడు. వెళ్ళి అడుగు. ఏమని అడుగుతావో అది కూడా ఆలోచించుకుని వెళ్ళు."

మాఫట్ కూడా ఒక తల్లి కన్న కొడుకే. తాళం తిప్పాడు. రెండు అరవై హార్స్‌పవర్ ఇంజన్లతో జలసంధి తెడ్ల రోజుల నాటికన్నా చాలా చిన్నదిగా ఉంది.

తర్వాత పందిట్లో జరిగింది నెస్టా కళ్ళారా చూడలేదు. సెరా నోట విన్నది. అతిథులు చాలాసేపు ట్యాంకు వైపే చూస్తూ నిలబడ్డారట. ఏం జరుగుతోందని సెక్రటరీని అడిగారట. సెక్రటరీదీ వోలాసే, మంత్రిగారి చెవిన పడేలా అతను నోరు విప్పడానికి లేదు. మధ్యాహ్నానికి హోల్‌కాంబ్ గారు తనంతట తనే అర్థం చేసుకుని ట్యాంకు ముందు నేల మీద మౌనంగా కూర్చుందట. ఒనోదెరా గారు ఆమె పక్కన కూర్చున్నారట. సెరా వాళ్ళకి దుంపలు పెట్టింది. ట్యాంకు బొక్కలోకి కూడా ఒక ఆకులో పెట్టి తోసింది. లోపల్నుంచి ఖాళీ ఆకు బయటికొచ్చింది.

పొద్దుగూకాక బోటు తిరిగొచ్చింది. మంత్రిగారు బయటికొచ్చేసరికి ఒంటి మీద సగం ఆకుపచ్చ రంగు, సగం తుప్పు. ఇద్దరు అతిథులూ లేచి నిలబడి ఆయనకి నమస్కరించారు. మాఫట్ ఏ వార్తా చెప్పలేదు. ఊరికే నవ్వాడు. ఆడవాళ్ళకి అది చాలింది. ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం.

హోనియారా పత్రిక మొదటి పేజీలో వేసింది: 'అమరవీరుల స్మృతికి మంత్రి నివాళి. పొద్దుగూకేదాకా ట్యాంకులో ఏకాంత మౌనదీక్ష. చలించిన విదేశీ అతిథులు.'

నెలరోజుల తర్వాత మంత్రిగారు మళ్ళీ వచ్చారు. ఇకపై ఏటా ఒకరోజు ట్యాంకులో దీక్ష చేస్తానని, లోపల మెత్తటి సీటూ ఫ్యానూ మంజూరయ్యాయని ప్రకటించారు. వోలాసిలో కరెంటు ఎప్పుడొస్తుందని ఎవరూ అడగలేదు. నెస్టా ఆచారం ప్రకారం చెవి తెగిన నల్లపందిని తాడుతో తెచ్చి ఆయన చేతికిచ్చింది. ప్రజలు కృతజ్ఞతతో బహూకరించిన పందితో మంత్రిగారు ఫోటో దిగారు.

"ఏడాదికొక్కసారి చాలదు తమ్ముడూ," అంది నెస్టా. "నువ్వు తరచూ రావాలని తల్లుల సంఘం తీర్మానించింది."

"నిజంగానా?"

"ఇంజను మాట ఇంకెత్తం. నువ్వొస్తే చాలు. ఈ తెల్లబోటులోనే రావాలి, పెట్రోలు నిండుగా పోయించుకుని. వచ్చినప్పుడు నాలుగైదు రోజులుండాలి."

మంత్రిగారు పంది తాడు సెక్రటరీ చేతికిచ్చి నెస్టాకి దణ్ణం పెట్టారు. ప్రజాజీవితంలో ఇంత అభిమానం ఎప్పుడూ ఎరగనన్నారు. సెక్రటరీని డైరీ తియ్యమన్నారు.

"ఎప్పుడు రమ్మంటావక్కా?"

నెస్టా వెనక్కి తిరిగి ఆడవాళ్ళ వైపు చూసింది. చివరి వరసలో ఇద్దరు, మధ్యలో ఒకామె, బిడ్డని ఎత్తుకుని నిలబడ్డ జూలిన్ పక్కన ఇంకొకామె.

"ఆగస్టు మొదట్లో ఒకసారి. సెప్టెంబరు చివర్లో ఒకసారి. నవంబరులో రెండుసార్లు."

"అవే ఎందుకు?"

ఆడవాళ్ళందరూ సముద్రం వైపు చూశారు.

"ఆరోగ్య అవసరాల నిమిత్తం," అంది నెస్టా.