కర్నల్ గారు హద్దులు చూపించిన రోజు

కర్నల్ గారి పదవీ విరమణతో దేశానికి ఏర్పడే లోటును పూడ్చడం ఎవరి తరమూ కాదని మంత్రిగారు ప్రకటించారు. ఆ సాయంత్రమే ఆ లోటులో తన మేనల్లుణ్ని కూర్చోబెట్టారు.

సైనిక ఇంజినీరింగ్ శాఖలో కర్నల్ గారి సేవ సుదీర్ఘమైనది. ఆయన కట్టించిన వంతెనలు జనం జ్ఞాపకాల్లో నిలిచి ఉన్నాయి. మరోచోట నిలిచి ఉన్నవి తక్కువ. ఆయన వేయించిన రోడ్డు మీదుగా శత్రువు రాలేకపోయాడు. మనవాళ్లూ పోలేకపోయారనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆయన పేరు చెప్పగానే మా వీధిలో అందరికీ గుర్తొచ్చేది మా బడి వెనక మైదానం. యుద్ధకాలంలో అందులో మందుపాతరలు పాతారు. వాటిని ఏరించి, ఈ నేల పూర్తిగా సురక్షితం అని సర్టిఫికెట్ ఇచ్చింది కర్నల్ గారే.

ఆ శాఖలో ఒక పాత ఆచారం ఉంది. నేల శుభ్రమైందని సంతకం పెట్టిన అధికారి ముందుగా తానే ఆ నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. మిగతావాళ్లు అడుగుపెట్టేది ఆ తర్వాతే. కర్నల్ గారికి ఆచారాలంటే ఎనలేని గౌరవం. కానీ ఆ రోజు మోకాలు నొప్పి చేసింది. అందుకని నడక వాయిదా వేసి, సంతకం మాత్రం పెట్టారు. సంతకానికి మోకాలితో పని లేదు.

ఆ వారమే మా బడి డ్రిల్లు మాస్టారు గోల్ పోస్టులు పాతడానికి గునపం భుజాన వేసుకుని మైదానంలోకి వెళ్లాడు. అతను నా తమ్ముడు.

విచారణ సంఘం వేశారు. సంఘం ఎంతో శ్రద్ధగా, మైదానం బయటే కుర్చీలు వేయించుకుని విచారించింది. సర్టిఫికెట్ ఉన్న నేలలో మందుపాతర ఉండదు కాబట్టి పేలింది మందుపాతర కాదని తేల్చింది. మరి పేలిందేమిటన్నది తమ పరిధిలోకి రాదని వినయంగా ఒప్పుకుంది. తర్వాత చుట్టూ ముళ్లకంచె వేశారు. సురక్షితమైన నేలను జనం పాడుచేయకుండా.

ఇప్పుడు వీడ్కోలు సభ ఆ మైదానం అంచునే జరుగుతుందనీ, ఆ రోజే కంచె తీసేసి పిల్లల్ని ఆటలకు వదులుతారనీ కబురొచ్చింది. నేనూ మా మరదలూ కర్నల్ గారి ఆఫీసుకు వెళ్లాం.

గది నిండా అట్టపెట్టెలు. ఒక సిపాయి స్టూలెక్కి గోడగడియారం విప్పుతున్నాడు. అది ప్రభుత్వానిదే అయినా, ఇన్నేళ్లుగా కర్నల్ గారికి మాలిమి అయిపోయిందట.

"పిల్లల్ని వదిలేముందు ఒక్కసారి మళ్లీ వెతికించండి సార్," అన్నాను.

"మీరు దిద్దిన పేపరు మళ్లీ దిద్దుతారా మాస్టారూ?"

"పొరపాటు పడ్డానని తెలిస్తే దిద్దుతానండీ."

"అందుకే మీరింకా మాస్టారుగానే ఉన్నారు."

మళ్లీ వెతికితే ఏమీ దొరక్కపోతే దండగ, దొరికితే ఇంకా దండగ అని ఆయన ఓపిగ్గా వివరించారు. "దొరికిందే అనుకోండి. నా సర్టిఫికెట్ గతేంటి?"

అంతవరకూ గోడకేసి చూస్తున్న మరదలు, "పోనీ మీరే ఒకసారి అటు నడిచి చూపించండి సార్, చాలు," అంది.

"మోకాలమ్మా," అన్నారాయన, ఎంతో బాధగా.

అంతలో సిపాయి చెయ్యి జారింది. కర్నల్ గారు తన బల్ల మీదుగా ఒక్క గెంతు గెంతి గడియారాన్ని గాల్లోనే పట్టుకున్నారు.

మెట్లు దిగుతుంటే మరదలు, "బావగారూ, మోకాలు కుదురుగానే ఉంది," అంది.

"చూశానమ్మా."

"సభలో మీరు మాట్లాడతారుగా?"

"చివర్లో కృతజ్ఞతలు నన్నే చెప్పమన్నారు హెడ్మాస్టరు గారు. నా మాటలు మెత్తగా ఉంటాయట. ఎవరికీ గుచ్చుకోవట."

"మెత్తగానే అడగండి."

సభనాటికి కంచె పోయింది. దాని స్థానంలో రిబ్బను వచ్చింది. రిబ్బను వెనకే పిల్లల్ని వరసగా నిలబెట్టారు. మంత్రిగారు కత్తెర ఆడించగానే అందరూ కేరింతలు కొడుతూ లోపలికి పరిగెత్తాలని, ఫొటోలో ఎవరూ కళ్లు మూయకూడదని హెడ్మాస్టరు గారు రిహార్సల్ కూడా చేయించారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఇంతటి సేవకు ప్రభుత్వం ఏమిచ్చి రుణం తీర్చుకోగలదు? ఈ మైదానాన్నే కర్నల్ గారికి రాసిస్తున్నాం. తన చేత్తో శుభ్రం చేసిన ఈ నేల మీదే ఇల్లు కట్టుకుని, భార్యాసమేతంగా శేషజీవితం గడపాలని కోరుతున్నాం."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఉన్న కర్నల్ గారి భార్య లేచి నిలబడి, "నేను మా అన్నయ్య దగ్గరికి పోతాను," అన్నారు. సంతోషం పట్టలేనప్పుడు ఆడవాళ్లకు పుట్టింటివాళ్లే గుర్తొస్తారు.

కర్నల్ గారు ఒక్కసారి మైదానం వైపు చూశారు. వెంటనే గద్గద స్వరంతో, "నాకెందుకండీ ఆస్తులు? ఈ నేలను ఈ బడి పిల్లలకే దానం చేస్తున్నాను," అన్నారు.

ఈసారి చప్పట్లు రెట్టింపు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. చేతికొచ్చిన ఆస్తిని అంత వేగంగా వదిలించుకున్న మనిషిని నేనూ అంతకుముందు చూడలేదు.

కత్తెర పళ్లెంలో పెట్టి తెచ్చారు. దానికి ముందు నా వంతు.

"ఈ నేల విలువ మా బడికి తెలుసు," అన్నాను. "ఒక్క చిన్న లాంఛనం మిగిలింది. భూమి ఇచ్చేవారు పుచ్చుకునేవారిని వెంటబెట్టుకుని నాలుగు హద్దులూ నడిచి చూపించడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. చూపించకుండా పుచ్చుకుంటే రేపు ఎవరో ఒకరు కబ్జా అంటారు. కర్నల్ గారు ముందు నడవాలి. ఆయన వెనక నేను నడుస్తాను. పిల్లల సంగతి ఆ తర్వాత."

"భేషైన మాట," అన్నారు మంత్రిగారు. "పదండి కర్నల్. నేనూ వస్తాను. ఫొటో నిండుగా ఉంటుంది."

"మోకాలు సార్..."

"నా భుజం పట్టుకోండి."

కర్నల్ గారు చెమట తుడుచుకున్నారు. "మా శాఖలో గౌరవ వందనం ఒకటుంది సార్. రిటైరయ్యే అధికారికి ముందు ఇద్దరు సిపాయిలు డిటెక్టర్లు పట్టుకుని, నేల మీద ఆడిస్తూ నడవాలి. ఊరికే, శోభకి."

"శోభకేగా?"

"శోభకే సార్."

రిబ్బను ఎత్తి పట్టుకుంటే అందరం కిందనుంచి వంగి వెళ్లాం. ముందు సిపాయిలు, వెనక కర్నల్ గారు, ఆయన వెనక నేను, మంత్రిగారు, ఫొటోగ్రాఫర్లు. బ్యాండు వాళ్లు హుషారైన పాట ఎత్తుకున్నారు. గోల్ పోస్టు కోసం తవ్విన గుంట ఇంకా కొంచెం దూరంలో ఉందనగా మొదటి డిటెక్టరు కూసింది.

"ఏమిటా కూత?" అన్నారు మంత్రిగారు.

"వందనం చేస్తోంది సార్."

రెండోదీ కూసింది.

"మరి ఇది?"

"రెండూ నా దగ్గర చాలాకాలం పనిచేశాయి సార్."

మంత్రిగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచారు. బ్యాండు ఒక్కో వాయిద్యమే ఆగిపోయింది. కర్నల్ గారు వెనక్కి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు.

"మాస్టారూ," అన్నారు మెల్లగా, "మనం ఎటునుంచి వచ్చాం?"

"మీ వెనకే వచ్చానండీ," అన్నాను.

దూరంగా రిబ్బను ఇవతల, పిల్లలకు అడ్డంగా మా మరదలు రెండు చేతులూ చాచి నిలబడి ఉంది.

మర్నాడు పత్రికలు ఇలా రాశాయి: "కర్నల్ గారి వీడ్కోలు ఘట్టం చూపరుల గుండెల్ని బరువెక్కించింది. మంత్రిగారు మొదలుకొని అందరూ తలలు దించుకుని, నోట మాట లేకుండా, తాము వచ్చిన అడుగుజాడల్లోనే ఒక్కొక్క అడుగే వేస్తూ వెనుదిరిగారు. ఆయన్ని విడిచి ముందుకు సాగడానికి ఒక్కరికీ కాళ్లు రాలేదు."