నొప్పి తగ్గినట్టు ప్రకటన

"దంతవైద్య రంగంలో నూతన శకానికి నాంది పలుకుతూ, ప్రముఖ దంతవైద్యులు తమ క్లినిక్ వెయిటింగ్ హాల్లో కొత్త ఫ్యాను బిగించారు."

ఈ చారిత్రక ప్రకటన వెలువడిన రోజున ఆ ఫ్యాను కింద పేషెంటన్నవాడు లేడు. డాక్టరుగారూ, ఆయన బావమరిదీ గాలి పీలుస్తూ కూర్చున్నారు.

నిజానికి డాక్టరుగారి చెయ్యి చాలా మంచిది. ఆయన పన్ను పీకితే, పీకించుకున్నవాడు ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని నమ్మాల్సిందే. ఏం లాభం? నెట్‌లో 'పంటి నొప్పి' అని కొడితే ఆయన పేరు నాలుగో పేజీలో, ఓ సైకిల్ షాపు తర్వాత వచ్చేది. పన్ను సలుపుతున్నవాడికి అంతదూరం వెళ్లే ఓపిక ఉండదు. ఇలాగే సాగితే క్లినిక్‌కి తాళం వేసుకోవాల్సిందేనని ఆయనకు నిద్ర పట్టడం లేదు.

బావమరిది మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. ఓ పార్టీ ఆఫీసులో ఏళ్ల తరబడి ప్రకటనలు రాసి ఆరితేరిన ఘనుడతను.

"ఇలాగే రోజుకో ప్రెస్ రిలీజ్ వదులుదాం బావా. పది వెబ్‌సైట్లలో పడుతుంది. పదింట్లోనూ మన క్లినిక్ లింకుంటుంది. అది చూసి సెర్చ్ ఇంజిన్, ఓహో, ఈయనెవరో గొప్పాయన అనుకుంటుంది."

"రోజూ వార్త ఎక్కణ్నించి తెస్తావురా?"

"నువ్వు తుమ్మినా వార్తే. కాకపోతే తుమ్మకముందే పంపాలి. జరిగేదాకా ఆగితే వెనకబడిపోతాం. పార్టీలో మాకెప్పుడూ అదే పద్ధతి."

మర్నాటి నుంచి వార్తలే వార్తలు. అంతర్జాతీయ ప్రమాణాలతో పుక్కిలించే గ్లాసు వచ్చింది. 'పళ్లు తోముకోవడం మంచిదే: డాక్టరు సంచలన వ్యాఖ్య' అన్నది ఆయన పేరుని ఏకంగా రెండో పేజీకి ఎక్కించింది. కొన్నాళ్లకు డాక్టరుగారు మొదటి పేజీలో మొదటి వరుసలో వెలిశారు. వెంటనే ఫోను మోగింది. ఆరోగ్య మంత్రిగారి దవడ వాచిందట. ఆయన పీఏ నెట్‌లో వెతికితే ముందు ఈ పేరే వచ్చిందట.

డాక్టరుగారికి ఆనందంతో కాళ్లు నేల మీద ఆనలేదు. పనిముట్లన్నీ తానే కడుక్కున్నారు. బావమరిది కూడా ఖాళీగా కూర్చోలేదు.

మంత్రిగారు వచ్చి కుర్చీలో వాలి నోరు తెరిచారు. పన్ను లోపలిదాకా కుళ్లిపోయింది. ఎన్నాళ్లకెన్నాళ్లకు చేతినిండా పని! డాక్టరుగారు ఆప్యాయంగా సిరంజి ఎత్తారు. అంతలో పీఏ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండి డాక్టరుగారూ! వైద్యం పొద్దున్నే అయిపోయిందని మీ క్లినిక్ ప్రకటన వచ్చింది. సార్‌కి ముఖ్యమంత్రిగారి అభినందనలు కూడా వచ్చేశాయి!"

"ఇంకా మొదలుపెట్టలేదండీ. ఇప్పుడు పీకుతాను."

"ఇప్పుడు పీకితే పొద్దున పీకింది ఎవరి పన్నంటారు? ప్రతిపక్షం ఊరుకుంటుందా?"

మంత్రిగారు చెంప పట్టుకుని పీఏ వైపు దీనంగా చూశారు. "మరి నా నొప్పయ్యా?"

"తగ్గిపోయింది సార్. అన్ని వెబ్‌సైట్లలోనూ వచ్చేసింది."

మంత్రిగారు నాయకుడు కాబట్టి పరిస్థితిని వెంటనే అర్థం చేసుకున్నారు. లేచి బయటికెళ్లి, వాయని వైపు నుంచి కెమెరాలకు నవ్వారు.

వారం తిరక్కుండా కొత్త పథకం ప్రకటించారు: సూది లేదు, మందు లేదు, పన్ను పీకడమూ లేదు. ప్రతి ఆసుపత్రిలోనూ ఇదే పద్ధతి. ముఖ్య సలహాదారు మన డాక్టరుగారే.

"మరి పేషెంట్లురా?" అన్నారాయన పథకం ప్రారంభ సభకు వెళ్తూ, బెంగగా.

"వాళ్లు రానక్కర్లేదు బావా. తగ్గినట్టు మనమే పంపిస్తాం."

వేదిక మీద మంత్రిగారు మైకు ముందు నిలబడ్డారు. నోరు తెరిచారు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. సభంతా చప్పట్లు.

"చూశావా బావా, ప్రజలంటే ఎంత అభిమానమో!" అన్నాడు బావమరిది, తనూ చప్పట్లు కొడుతూ.

"అభిమానం కాదురా, చీము. ఇవాళైనా తియ్యకపోతే ప్రాణం మీదికొస్తుంది" అంటూ డాక్టరుగారు లేచారు.

ఆయన లేవగానే కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. డాక్టరుగారు ఒక్క క్షణం తటపటాయించి, పళ్లన్నీ కనిపించేలా నవ్వారు.