ఇరవై ఆరు గంటల అదృష్టం

విమానాలు ఇంకా నెమ్మదిగా నడవాలి! దూరపు నగరాల మధ్య ఇంకో నాలుగు వేల కిలోమీటర్లు పెరిగితే మరీ మంచిది! నాకు మతి పోయిందనుకుంటున్నారా? మా వదిన సంగతి విన్నాక ఆ మాట అనండి.

వదిన లెక్కల టీచరు. ఆమె చెల్లెలుండే నగరం ఇక్కడికి పదిహేను వేల కిలోమీటర్లు. పోయినేడాది సెలవుల్లో చెల్లెల్ని చూసొస్తానని టికెట్ల ఆఫీసుకు బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్ళాను.

కౌంటర్‌లో ఉన్నావిడ ఉత్సాహంగా కంప్యూటర్ ఇటు తిప్పింది. "మీ అదృష్టం మేడమ్! నాన్‌స్టాప్ ఉంది. పదహారు గంటల్లో దిగిపోతారు."

"ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది లేదా అమ్మా?" అంది వదిన.

"తక్కువసేపా మేడమ్?"

"ఎక్కువసేపే."

ఆవిడ వదిన వంకా, నా వంకా మార్చి మార్చి చూసి, చివరికి ఇరవై ఆరు గంటలది ఒకటి వెతికి పెట్టింది. అందులో ఆరు గంటలు మధ్య ఊళ్ళో పడిగాపులు. వదిన మొహం వెలిగిపోయింది.

విమానమెక్కగానే ఫోన్ ఆపేసి బ్యాగు అడుగున పారేసింది. చుట్టూ అందరూ మోకాళ్ళు పట్టేశాయని, నడుము విరిగిందని ఒకటే మూలుగులు. వదిన మాత్రం వేరొకరు వండి, వేరొకరు తెచ్చిపెట్టిన భోజనం వేడివేడిగా తిన్నది. కంటినిండా నిద్రపోయింది. ఓ సినిమా మొదటినుంచి చివరిదాకా చూసింది. పెళ్ళయ్యాక అలా చూడటం అదే మొదటిసారట! మధ్య ఊళ్ళో ఆరు గంటలూ అద్దాల పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుందట. ఇలాంటి సుఖాన్ని పదహారు గంటలకు కుదిస్తామనే వాళ్ళని ఏమనాలి?

దిగాక ఫోన్ తెరిస్తే నలభై మూడు మెసేజ్‌లు. పదకొండు నావే, దాచడమెందుకు?

"కత్తెర ఎక్కడ పెట్టావ్?" మా అన్నయ్య.

"అర్జెంటు."

"సొరుగులోనే ఉందిలే."

"అమ్మా, నా సాక్సులు?" కూతురు. "దొరికాయి."

"వదినా, వాషింగ్ మెషిన్ తిరగట్లేదు!" నేను. "ప్లగ్ పెట్టలేదు. ఇప్పుడు తిరుగుతోంది."

ఆ ఎయిర్‌పోర్టులోనే వదిన పడీపడీ నవ్వింది. చెల్లెలు కంగారుపడి భుజం పట్టుకుంది. "ఏంటక్కా, ఏమైంది?"

వదిన నవ్వాపి కళ్ళు తుడుచుకుంది. "ఏం లేదే. నేను పలక్కపోతే మావాళ్ళకి కళ్ళు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళుగా నాకా సంగతే తెలీదు."

ఈ ఏడాది మళ్ళీ బయల్దేరింది. అదే విమానం, అవే ఇరవై ఆరు గంటలు. కానీ సైన్సు ఊరుకుంటుందా? గాల్లోకి లేవగానే వైఫై ఉచితమని ప్రకటించారట. ప్రయాణికులంతా చప్పట్లు! టికెట్లో నంబరు ఉందని ఆ సంగతి కంపెనీ వాళ్ళు మా అన్నయ్యకీ మెసేజ్ పెట్టారు. ఈసారి ఫోన్ ఆపొద్దని వదిన దగ్గర ముందే మాట తీసుకున్నాం. ఇంకేం? సముద్రం సగం దాటేలోపు నెయ్యి డబ్బా, గొడుగు, కరెంటు బిల్లు ఎక్కడున్నాయో ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తునుంచి వదిన చేత చెప్పించాం. ఎంత అభివృద్ధి!

నిన్న తిరిగొచ్చింది. పెట్టె దించి, చెప్పులు విప్పుతూ, వచ్చే ఏడాది ఓడలో వెళ్తానని చెప్పింది. ముప్పై రెండు రోజులు పడుతుందట.

ముందుగా తేరుకున్నది అన్నయ్యే.

"ఓడలో సిగ్నల్ వస్తుందా?" అన్నాడు.