వన్స్‌మోర్ నిబంధన

పైడిరాజు భార్యను ప్రేక్షకులు ముప్ఫై ఎనిమిది సార్లు చంపారు. ఇందులో వాదనకు తావు లేదు. ప్రదర్శనల పర్యవేక్షణ కార్యాలయం రిజిస్టరులో తేదీలతో సహా ఉంది.

మొదటిసారి మాత్రం ఆమె తనంతట తాను పోయింది. ఆ సాయంత్రం పైడిరాజు తునిలో ‘పిడుగు’ హార్డ్ రాక్ బృందంతో డ్రమ్స్ వాయిస్తున్నాడు. పెళ్ళి ఊరేగింపుల్లో డప్పు కొట్టుకుంటూ అక్కడి దాకా వచ్చిన మనిషి. ‘ఇనుప వాన’ పాట సగంలో ఉండగా విశాఖ ఆసుపత్రిలో భార్య నూకరత్నం గుండె ఆగింది. పాట అయ్యాక మైదానమంతా లేచి వన్స్‌మోర్ అంది. నాటకాల నాటి ఆచారమే. యుద్ధంలో చచ్చి పడిన రాజయినా సరే, జనం అడిగితే లేచి పద్యం మళ్ళీ పాడాల్సిందే.

కార్యాలయం ఆ ఆచారాన్ని ఉన్నదున్నట్టు అమలుచేసింది. పాట జరుగుతుండగా ఏది జరిగినా అది పాటలో భాగం. వన్స్‌మోర్ దానికీ వర్తిస్తుంది. కాబట్టి తర్వాతి ప్రదర్శన రోజున మధ్యాహ్నం రెండింటికి నూకరత్నాన్ని బతికించి పంపారు. ఆమె వచ్చి, అన్నం తిన్నావా అని భర్తను అడిగింది. సాయంత్రం ఏడింటికి వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ‘ఇనుప వాన’ సగంలో చనిపోయింది. జనం ఏడ్చారు. ఏడుస్తూనే వన్స్‌మోర్ అన్నారు. అడిగిన పాటను తర్వాతి ఊళ్ళో మానడానికి వీల్లేదు. ఏదో ఒక ఊళ్ళో ఎవరూ అడగకపోతే అంతటితో సరి. ఆమె ఇక రాదు.

‘పిడుగు’కు అదివరకు రెండొందల మంది వస్తే గొప్ప. ఇప్పుడు బొబ్బిలిలో, పార్వతీపురంలో మైదానాలు నిండాయి. వెనకవాళ్ళకు కనబడటం లేదంటే కుర్చీ కింద ఇటుకలు పెట్టారు. పిల్లల్ని భుజాల మీదకెత్తి చూపించారు. పైడిరాజు ఆ జనాన్ని అసహ్యించుకున్నాడు. వాళ్ళ కోసమే చేతులు బొబ్బలెక్కేలా వాయించాడు. రెండు నుంచి ఏడు దాకా భార్య దొరికేది.

ఏళ్ళు గడిచాయి. జనానికి చావు పాతబడింది. పలాసలో ముప్ఫై మంది వచ్చారు. ఆ మధ్యాహ్నం నూకరత్నం అంది:

“మావా, ఇయ్యాల సెత్తగా వాయించు.”

“ఎందుకే?”

“బాగా వాయిత్తే మళ్ళీ అడుగుతారు. గుండె పట్టేసినప్పుడు ఎప్పుడూ కొత్తగానే నొప్పెడతాది. నువ్వు డ్రమ్ములకాడ ఉంటావు, నీకేటి తెలుస్తాది?”

“నువ్వు రాకపోతే నానేటి సెయ్యాలి?”

“కూడొండుకో. పెళ్ళాం పోయినోళ్ళందరూ ఆకలితో సత్తన్నారేటి?”

అతను నవ్వాడు. మాట ఇచ్చాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. తాళం తప్పించాడు. పాడుతున్న శామ్యూల్ వెనక్కి తిరిగి, “ఏటన్నా, పెళ్ళి డప్పనుకున్నావేటి?” అని కసిరాడు. నూకరత్నం గుండె పట్టుకుంది. బాగుందన్నట్టు భర్త వైపు తల ఊపింది. తర్వాత ఆ తల వాలిపోయింది. పాట అయింది. జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఎవరూ అడగలేదు. కార్యాలయం గుమస్తా అప్పలస్వామి ఒక నిమిషం ఆగి, ‘ముగిసినది’ అని రాయడానికి పెన్ను మూత తీశాడు.

“వన్స్‌మోర్!” అని ఒక్క కేక వినబడింది.

అప్పలస్వామి వేదిక మీదకు చూశాడు. డ్రమ్ముల వెనక పైడిరాజు లేచి నిలబడి ఉన్నాడు. గుమస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు.

“హాజరైనవారిలో ఎవరైనా అనే ఉందండి. మీరూ హాజరే కదా. చెల్లుతుంది,” అని రాసుకున్నాడు.

తర్వాతి ప్రదర్శన సోంపేటలో. నూకరత్నం రెండింటికే వచ్చింది. ఈసారి అన్నం తిన్నావా అని అడగలేదు.

“తాళం తప్పించినావు గదా మావా,” అంది. “మరెవులు అరిసినారు?”

“జనం,” అన్నాడు పైడిరాజు. “జనానికి జాలుండదే.”

ఆమె నమ్మింది. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే కుర్చీ తానే మోసుకెళ్ళి వేదిక పక్కన వేసుకుంది.

పలాస సంగతి పైడిరాజు ఆ తర్వాత ఎత్తలేదు. ఎత్తడు.