ఉరుము, సుడిగాలి, ఒక ఫ్లెక్సీ

ఆ ఆదివారం పొద్దున మహేందర్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఏడున్నరకు కామారెడ్డిలో బస్సెక్కడం, ఎల్లారెడ్డిలో దిగి శైలేందర్‌ను ఓడించడం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. అతని ప్రాణమంతా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది.

మహేందర్‌కు ఉరుము అనే రాక్ బ్యాండ్ అన్నా, అందులో పాడే సిద్దార్థ అన్నా పిచ్చి. కామారెడ్డిలోని తన దుకాణానికి ‘ఉరుము మొబైల్స్’ అని పేరు పెట్టి, రెండు రోజులు నిచ్చెన దిగకుండా బోర్డు తానే రాసుకున్నాడు. ఎల్లారెడ్డి శైలేందర్‌ది సుడిగాలి బ్యాండు. అతని దుకాణం ‘సుడిగాలి టెంట్ హౌస్’. టెంట్లు అద్దెకిచ్చే చోట సుడిగాలి అని రాసుకున్నవాడి అభిమానాన్ని శంకించడానికి లేదు.

మూడేళ్లుగా ఇద్దరికీ ఫోన్లో ఒకటే గొడవ. “మా సిద్దార్థ వానల తడుసుకుంట రెండు గంటలు పాడిండు. కరెంటు పోతే మైకు లేకుండ పాడిండు!” అని మహేందర్ అంటే, “మావోడు పదకొండు నిమిషాలు గిటారు ఆపలే. మీవోనికి గన్ని నిమిషాలు ఊపిరాగుతదా?” అని శైలేందర్ అనేవాడు. చివరికి పందెం వేసుకున్నారు. ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్లో పెద్ద తెర కట్టి, రెండు బ్యాండ్ల లైవ్ షోల హైలైట్స్ చూపించాలి. జనం ఏ బ్యాండుకు ఎక్కువ చేతులెత్తితే అది గెలిచినట్టు. ఓడినవాడు తన బోర్డు మీద గెలిచిన బ్యాండు పేరు రాసుకోవాలి. ‘సుడిగాలి మొబైల్స్’ అనే మాటను మహేందర్ నోటితో పలకడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు.

బస్టాండు ముందు నర్సవ్వ హోటల్లో చాయ్ తాగబోతే, ఆమె గ్లాసు చేతికిచ్చి భుజం నిమిరింది. “ధైర్యం ఇడువకు బిడ్డ.”

“ఏం ఫికరు లేదవ్వా! ఇయ్యాల జూస్తవు మా సిద్దార్థ సంగతి!”

నర్సవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బస్సులో ఎవరో లేచి కిటికీ పక్కన సీటిచ్చారు. జిల్లా మొత్తం ఉరుము పక్షానే ఉందని మహేందర్ పొంగిపోయాడు. ఆ పొంగు ఎల్లారెడ్డిలో బస్సు దిగేదాకా ఉంది.

దిగగానే ఎదురుగా పదడుగుల ఫ్లెక్సీ. అందులో సిద్దార్థ, కళ్లు మూసుకుని, నలుపు తెలుపులో. మెడ చుట్టూ గులాబీల దండ, అటొక దీపం, ఇటొక దీపం. పైన ‘కన్నీటి నివాళి’. కింద ‘మరువలేని పదహారేండ్లు’. ఆ మూలన చేతులు కట్టుకుని మహేందర్ ఫొటో.

పోటీకి జనాన్ని పిలవడానికి తాను ఫ్లెక్సీ పురమాయించిన దుకాణం దివాకర్‌కు వెంటనే ఫోన్ చేశాడు. “ఏం జేసినవ్ దివాకరన్నా? ఆయన పాడుతున్న ఫొటో గది!”

“కండ్లు మూసుకున్నడు గదా తమ్మీ!”

“పాడేటప్పుడు మూసుకుంటడు!”

“బ్లాక్ అండ్ వైట్ పంపినవు. మా తాన రంగుల ఫొటో అంటే బర్త్‌డే, బ్లాక్ అండ్ వైట్ అంటే గిదే. వాయిస్ మెసేజ్‌ల నీ గొంతు గూడ పూడుకుపోయింది. ‘మరువలేని పదహారేండ్లు, అందరు రావాలె’ అన్నవు. నేనే ఏడ్సిన. అన్ని వాట్సాప్ గ్రూపులల్ల గూడ పెట్టిన.”

నిజానికి మహేందర్ మూడు రోజులు ఉరుము పాటలతో పాటు అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. బ్యాండు పుట్టి పదహారేళ్లయిందని ఆ పదహారేండ్ల మాట రాయించాడు మరి.

హాలుకు పరుగెత్తాడు. కుర్చీలు లేవు, వచ్చినవాళ్లే వాటిని తీసేసి తెల్ల బట్టలు పరిచారు. రెండు వందల మంది పెద్దలు మౌనంగా కూర్చున్నారు. స్పీకర్ల దగ్గర శైలేందర్ ఒక్కడే సంబరంగా ఉన్నాడు. పొద్దటి నుంచి లోపల వైర్లు కలుపుతూ అతను ఫ్లెక్సీ చూడనే లేదు. “ముసలోళ్లల్ల గూడ మా సుడిగాలికి ఎంత క్రేజున్నదో సూడు!” అన్నాడు.

ఇంతలో దోమకొండ నుంచి మొదటి బస్సుకే వచ్చిన మేనత్త భూమక్క మహేందర్‌ను కావలించుకుని గొల్లుమంది. “పదహారేండ్ల దోస్తును తీస్కపాయె దేవుడు!”

“అత్తమ్మా, ఆయన బతికే ఉన్నడు!”

“గట్లనే అనిపిస్తది బిడ్డ, మొదట్ల.”

“నిజంగనే బతికున్నడు! మొన్న హైదరాబాద్‌ల పాడిండు!”

“పాపం, మతి చెడ్డది పోరనికి,” అని ఊరి పెద్ద రాజలింగు నీళ్లు తెప్పించాడు. మహేందర్ ఎంత గట్టిగా అరిస్తే జనం అంత గట్టిగా ఏడ్చారు.

అంతలో ఇదేమీ పట్టని శైలేందర్ మహేందర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ లాక్కుని తెర వెలిగించాడు. ఉరుము మొదలైంది. వాన, మెరుపులు, డ్రమ్ములు! ఆ మొదటి దెబ్బకే మహేందర్ ఒళ్లు పులకరించింది, దుఃఖసభలో ఉన్నానన్నది మరిచి ఈల వేశాడు. తెర మీది షోలో కరెంటు పోయింది, వేల మంది ఫోన్ లైట్లు ఎత్తారు. “ఎన్ని దీపాలు వెట్టిన్రో!” అంది భూమక్క. ఆ తర్వాత సిద్దార్థ వేదిక మీద నుంచి వెనక్కి దూకాడు. అభిమానులు అతన్ని వెల్లకిలా చేతుల మీద మోసుకుంటూ, పూలు చల్లుతూ తీసుకుపోయారు.

హాలంతా ఒక్కసారిగా ఏడుపందుకుంది. “ఎంత మంది మోస్తున్నరు! రాజా తీరు పోయిండు,” అని రాజలింగు కండువా కళ్లకద్దుకున్నాడు. చివర్లో సిద్దార్థ లేచి నిలబడి మళ్లీ పాడితే, అది పాత వీడియో అని పక్కవాళ్లకు సర్దిచెప్పుకున్నారు.

తర్వాత సుడిగాలి. నిజం చెప్పాలంటే ఆ గిటారు మోతకు మహేందర్ గుండె కూడా జల్లుమంది. ఇది తన ఉరుము కంటే ఒక పిసరు ఎక్కువేనేమో అని భయం పుట్టింది. కానీ రెండో నిమిషానికే రాజలింగు లేచాడు.

“మనిషి పోయిన కాడ గీ ఎగురుడేంది? బందువెట్టు!”

“బాపూ, పోటీ గిది!” శైలేందర్ మైకు అందుకున్నాడు. “ఏ బ్యాండు బాగున్నదో చేతులెత్తుండ్రి. ఉరుమా, సుడిగాలా?”

రెండు వందల చేతులు ఉరుముకే లేచాయి. భూమక్క రెండు చేతులూ ఎత్తింది. శైలేందర్ తెల్లబోయాడు. అప్పుడెవరో అతని చేతిలో ఫ్లెక్సీ ఫొటో పెట్టారు.

“గియ్యనా? గియ్యన సచ్చిపోలే!”

“పోయినోనితోని పోటీ వెట్టుకున్నది చాలక, గిప్పుడు పోలేదంటవా?” అని జనం అతని మీదికి లేచారు. మహేందరే అడ్డం పడి హాలు వెనక్కి లాక్కుపోయాడు.

అక్కడ శైలేందర్ షరతు పెట్టాడు. “మైకుల జెప్పి, నీ ఫోన్ల మొన్నటి షో సూపెట్టు. బతికున్నడని అందరు ఒప్పుకుంటే ఓట్లు రద్దు, మల్ల పోటీ. లేకుంటే గట్లనే ఉండనీ, నా బోర్డు మారుస్త.”

మహేందర్‌కు ఆ గిటారు గుర్తొచ్చింది, నిచ్చెన మీది రెండు రోజులూ గుర్తొచ్చాయి. సిద్దార్థకు మనసులోనే దండం పెట్టుకుని, నోరు మూసుకున్నాడు. గెలిచాడు! ఆనందం పట్టలేక గోడ చాటుకు పోయి నాలుగు గంతులు కూడా వేశాడు.

తిరిగి వచ్చేసరికి భూమక్క చేయి చాపింది. “దుకాణం తాళం ఇటియ్యి.”

“ఎందుకత్తమ్మా?”

“పదకొండు దినాలు షట్టరు తియ్యొద్దు. గింత దోస్తుకు గంత గూడ చెయ్యవా?” తాళం ఆమె కొంగున ముడి పడింది. బతికున్నాడని చెబితే బోర్డు పోతుంది, చెప్పకపోతే గిరాకీ పోతుంది. మహేందర్ బోర్డునే నమ్ముకున్నాడు.

శైలేందర్ మాట మీద నిలబడ్డాడు. సోమవారానికల్లా ‘ఉరుము టెంట్ హౌస్’ బోర్డు లేచింది. సుడిగాలి అన్న పేరు చూసి ఇన్నాళ్లు జంకిన పెళ్లిళ్ల వాళ్లు వరస కట్టారు. పోటీ పెట్టిన తప్పు తెలిసి బుద్ధి తెచ్చుకున్నాడని, పోయినవాడి పేరు నిలబెడుతున్నాడని రాజలింగే ఊరంతా చెప్పాడు. బిచ్కుంద నుంచి కూడా టెంట్లకు ఫోన్లు వచ్చాయి.

పన్నెండో రోజు పొద్దున మహేందర్ షట్టరెత్తి, బోర్డు మీది దుమ్ము దులిపి, మనసారా చూసుకున్నాడు. మొదటి గిరాకీ వచ్చి ఆ బోర్డు వంక తలెత్తి చూశాడు.

“ఎల్లారెడ్డి ఉరుముకు ఇది బ్రాంచా అన్నా?”