కూతురు పరిచిన గుడ్డ

ఆడవాళ్లకు భిక్షు దీక్ష ఇచ్చేది లేదన్న మా థాయ్ బౌద్ధ పెద్దల పట్టుదల మహా వరం! లాంపాంగ్‌లో ముప్పై ఏళ్లుగా కాషాయ వస్త్రాలు అమ్ముతున్నవాణ్ణి, నా మాట నమ్మండి. ఈ వాదనకు దిగిన నాడు నా చేతిలో ఉన్నవి ఒక దుకాణం, భిక్షువు కాదగిన కొడుకు, కాకూడని కూతురు.

కొడుకు థనత్ మా మగవాళ్ల ఆచారం ప్రకారం ఆఫీసుకు సెలవు పెట్టి పదిహేను రోజులు భిక్షువయ్యాడు. భిక్షువైన కొడుకు వస్త్రం అంచు పట్టుకునే తల్లి స్వర్గానికి పోతుందని మా నమ్మకం మరి! మధ్యాహ్నం దాటాక తిండి ఉండదని తెలిసి మొదటి రోజే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయితేనేం? మగవాడి ఆకలి కూడా పుణ్యమే!

దీక్ష కోరుతూ చదవాల్సిన పాళీ పాఠం వాడికి నెల రోజులు నేర్పింది వాళ్ల అక్క పిమ్‌చాన్. తీరా ఆ రోజు వాడు మధ్యలో తడబడ్డాడు. ఆడవాళ్ల వరసలోంచి ఆమె పెదవులు కదిపింది, వాడు చూసి అందుకున్నాడు.

"ఏం జ్ఞాపకశక్తి!" అని పెద్ద భిక్షువు వాణ్ణి మెచ్చుకున్నారు. చూశారా, ఆడవాళ్లకు దీక్ష లేకపోతే మగవాళ్లకు ఎంత కలిసొస్తుందో!

మా ఆచారమూ ఎంతో సున్నితం. ఆడమనిషి చేతినుంచి భిక్షువు ఏదీ నేరుగా అందుకోడు. గుడ్డ పరిచి, దాని అంచు పట్టుకుంటాడు. ఆమె దానిమీద పెట్టాలి.

"వాళ్లు తినే అన్నం వండింది ఈ చేతులేగా?" అని నా భార్య, పేరు రాత్రీ, ఒకసారి గొణిగింది.

"గుడ్డమీద పెడితే నీ చెయ్యేమన్నా అరిగిపోతుందా?" అన్నాను. ఆ గుడ్డలు డజన్ల లెక్కన అమ్మేది నేనే కదా!

ఆడవాళ్లకూ దీక్ష ఇచ్చే శ్రీలంకకు వెళ్లి పిమ్‌చాన్ దీక్ష తీసుకుంది. "ఆ గుండుతో నా గుమ్మం తొక్కకు" అన్నాను. రెండేళ్లు తొక్కలేదు. ఎంత చెప్పినమాట వినే పిల్లో!

మొన్న ఉదయం నా భార్య నన్ను పిమ్‌చాన్ ఉంటున్న భిక్షుణుల ఆశ్రమానికి లాక్కుపోయింది. దుకాణంలోకెల్లా మంచి వస్త్రం చంకన పెట్టుకుని వెళ్లాను. కొత్త గిరాకీ చూసొద్దామని, అంతే! ఇంకేమీ అనుకోకండి.

రాత్రీ పళ్లబుట్ట చాచింది. పిమ్‌చాన్ దాన్ని తల్లి చేతుల్లోంచే అందుకుంది. రాత్రీ వేళ్లు ఆ బుట్టను ఎంతకీ వదల్లేదు.

నేనూ వస్త్రం చాచాను. పిమ్‌చాన్ నా ముందు గుడ్డ పరిచింది.

"దీనిమీద పెట్టండి నాన్నా."

"అదేంటమ్మా! నేను నీ తండ్రిని!"

"పెట్టండి పెట్టండి" అంది రాత్రీ. "చెయ్యేం అరిగిపోదు."

పెట్టాను. వంగిన నడుం వెంటనే లేవలేదు. వయసు కదా!

పాఠకులారా, నా అభిప్రాయం ఏమీ మారలేదు. ఆడవాళ్లకు దీక్ష ఇస్తే మన ముందూ గుడ్డ పరుస్తారు, జాగ్రత్త!

చివరికి నాకు దక్కింది ఆ గుడ్డకు ఇవతలి అంచు. పట్టుకునే ఉన్నాను. అవతలి అంచు మా అమ్మాయి చేతిలో ఉంది.