కుడికాలి చెప్పులు పాక వెనక

మార్తమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో అబ్రహాముగారి అమ్మాయి పెళ్లికి పాట పాడాలి. పాడి, పక్కనున్న తాటాకు పాకలో తను పసిపిల్లలకు ఆటపాటలు నేర్పే బాలవాడికి వచ్చేయాలి. తనిఖీకి వస్తున్న అధికారి పాపారావుగారికి పిల్లల ఆటలు చూపించాలి. అంతే.

ఆ ఆటల మీదే బాలవాడి బతుకు ఆధారపడి ఉంది. "పిల్లలు ఇంటి దగ్గర ఆడుకోరా? దానికి టీచరు కావాలా?" అని ఆయన కిందటిసారే దెప్పి వెళ్లారు. ఊళ్లోవాళ్లదీ అదే మాట. ఈసారి ఆయన మెచ్చకపోతే బాలవాడి ఎత్తేస్తారు.

"అప్పాయమ్మా, నేనొచ్చేదాకా నిన్నటి చెప్పులాట ఆడించు," అని ఆయాకు చెప్పింది.

"ఆయ్, మీరెళ్లి పాడండి."

చెప్పులాట కుడి ఎడమలు నేర్పడానికి మార్తమ్మ కనిపెట్టింది. పిల్లలు విప్పిన చెప్పులన్నీ కలిపేసి, ఎడమకాలివి నూతి గట్టు దగ్గర, కుడికాలివి పాక వెనక వరసగా పేర్చాలి. పిల్లలవి పట్టుమని పది జతలు కూడా ఉండవు.

పెళ్లి అయింది. ముందుగా బయటికొచ్చిన పెళ్లికొడుకు తండ్రి ఇశ్రాయేలుగారు మెట్ల మీదే ఆగిపోయారు. లోపలికి వెళ్తూ అందరూ కింద విప్పిన చెప్పుల్లో ఒక్కటీ లేదు. వెతగ్గా వెతగ్గా నూతి దగ్గర దొరికాయి. అన్నీ ఎడమకాలివే.

"ఒంటి చెప్పుతో కుంటుకుంటూ ఎళ్లాలా మేం? ఏంటండీ ఈ ఏళాకోళం, బావగారూ?"

"మామీద పడతారేంటండీ? మావీ పోయేయి కదా!" అన్నారు అబ్రహాముగారు.

రోడ్డు మీద మగపెళ్లివారిని తెచ్చిన లారీ హారను మోగింది. "బేగి రండి బాబూ! అవతల కొబ్బరికాయల లోడుంది!" అని అరిచాడు డ్రైవరు దొరబాబు.

కాలిపోతున్న ఇసకలో పెళ్లికొడుకు, బూటున్న ఎడమకాలి మీద నిలబడి, రెండోది పైకెత్తాడు. అది చూసి పెళ్లికూతురి నాయనమ్మ గుండె బాదుకుంది.

"ఓరి దేవుడో! పెళ్లికొడుక్కి కాలు బాగోలేదర్రా! దాచిపెట్టి చేసేసేరు!"

"మావాడికి కాలు బాగోలేదా? పదండ్రా, లారీ ఎక్కండి! పిల్లా వద్దు, పెళ్లీ వద్దు!" అని అరిచారు ఇశ్రాయేలుగారు.

సరిగ్గా అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. "ఆయ్, పోలీసుల్ని కూడా పిలిపించేరా?" అని మగపెళ్లివారు మండిపడ్డారు. "మీరే పిలిపించేరు!" అన్నారు ఆడపెళ్లివారు. జీపు దిగిన పాపారావుగారికి ఏమీ అర్థం కాలేదు.

మార్తమ్మకూ అర్థం కాలేదు. పిల్లలు బెదిరిపోయి ఉంటారని పాక వెనక్కి పరుగెత్తింది. పిల్లలు బెదరలేదు. వెలిగిపోతున్న ముఖాలతో వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు, పెళ్లికొడుకు నల్లబూటు మొదలుకుని, పెళ్లివారి కుడికాలి చెప్పులన్నీ బారులు తీరి ఉన్నాయి.

"టీచరమ్మా, ఒక్కటీ తప్పలేదండి!" అంది నాలుగేళ్ల దీనమ్మ.

అప్పాయమ్మ గరిటెతో పరుగున వచ్చింది. "విందులో పులుసు తిప్పమంటే ఎళ్లేనండి. ఈలోగానే..."

చెబితే బాలవాడి పోతుంది. చెప్పకపోతే పెళ్లి పోతుంది. మెట్ల మీద పెళ్లికూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది. మార్తమ్మ ముందుకొచ్చింది.

"చెప్పులు మా పిల్లలు సర్దేరండి. ఆట నేర్పింది నేను."

"ఇదా మీరు నేర్పేది?" అన్నారు పాపారావుగారు.

మార్తమ్మ పిల్లల వైపు తిరిగింది. చప్పట్లు కొట్టింది. "పిల్లలూ, ఇప్పుడు జతలు కలపాలి!"

పిల్లలు అటూ ఇటూ పరుగులు తీశారు. పెద్దలు తమకు తెలియకుండానే వరసగా కూర్చుని కాళ్లు చాపారు. దీనమ్మ ఇశ్రాయేలుగారి పాదం పట్టుకుని, "ఇది కాదు తాతగారూ, అది కుడి," అని దిద్దింది. ఆయన కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఇంత గొడవ జరిగాక ఈ బాలవాడి ఇక్కడుండదు," అని ప్రకటించారు పాపారావుగారు.

"ఆయ్, మా ఊరు మామిడికుదురు పంపించేయండి," అన్నారు ఇశ్రాయేలుగారు. "టీచరమ్మగారు మా లారీలోనే వచ్చేస్తారు."

అబ్రహాముగారు చివాల్న లేచారు. "పిల్లనిచ్చేం, చాల్లేదేంటండీ? టీచరమ్మని కూడా పట్టుకుపోతారా?"

"మీకు విలువ తెలీదు కాబట్టి అడిగేం!"

"ఇప్పుడు తెలిసింది! ఇవ్వం!"

ఒక చెయ్యి పట్టుకుని వాళ్లు, ఒక చెయ్యి పట్టుకుని వీళ్లు మార్తమ్మను లాగారు. అప్పుడే తొడుక్కున్న చెప్పులు కొన్ని కాళ్ల నుంచి చేతుల్లోకి వచ్చాయి. పాపారావుగారు వెనక్కి వెనక్కి నడిచి జీపెక్కేశారు.

ఈ బాలవాడిని ఇక్కడి నుంచి కదిలిస్తే శాంతిభద్రతలకు భంగమని ఆయన పైకి రాసి పంపారు.